మోకరించడమూ, మౌనమూ

1

నమ్మకం పోయిన తరవాత ఆ నమ్మకం నేర్పిన నీతి ఏమవుతుంది? మతం బడిలో చదువుకుని, పెద్దయ్యాక మతాన్ని వదిలిన ప్రతివాడికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మన పత్రిక చదివే విద్యార్థుల్లోనూ ఉపాధ్యాయుల్లోనూ అలాంటివాళ్లు తక్కువమందేమీ కారు.

సాధారణంగా దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. అదంతా బానిస శిక్షణ, మతంతో పాటే దాన్నీ పారెయ్యాలి అనేది మొదటిది. నీకు అక్షరాలు పెట్టిందీ, అంతరాత్మను పెట్టిందీ వాళ్లే. కనక నమ్మకం పోయినా నోరెత్తకుండా ఉండటం కనీస కృతజ్ఞత అనేది రెండోది. ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పటానికి ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ జీవితాన్ని ఆధారంగా తీసుకుంటాను. మధ్యమధ్య నా సంగతి కూడా చెప్పుకోక తప్పదు. అంత పెద్ద రచయితతో పోల్చుకోవాలని కాదు. నీతికి సంబంధించిన ప్రశ్నలను గాలిలో చర్చించటం కన్న, బతికిన మనుషుల మీద పెట్టి పరీక్షించటం మేలు.

2

మాది గుంటూరు ప్రాంతంలో ఒక పల్లె. మా ముత్తాత కాలంలో మా మాలపల్లె అంతా కతోలిక మతం పుచ్చుకుంది. అదే మతంలో అంతకు ముందు నుంచీ ఉన్న రైతు కుటుంబాలు వేరే ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు నడిపిన కర్ణాటక మిషను కాలం నుంచీ వాళ్లు కతోలికులు. వాళ్లవి అగ్రకులాలు. మావాళ్లు దేవుణ్ణి మార్చుకున్నారు గాని వీధి మారలేదు. ప్రభుత్వం దృష్టిలో మాత్రం మారినట్టే లెక్క: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కాని దళితులకు షెడ్యూల్డు కులం హోదా ఇవ్వలేదు. తరవాత 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు.

అయినా మా నాయనమ్మ ముందు మతాన్ని ఎవరైనా తేలిక చేసి మాట్లాడితే ఒప్పుకునేది కాదు. ఆవిణ్ణి మొట్టమొదట పేరు పెట్టి పిలిచిన పెద్దమనిషి గుడి స్వాములవారేనట. అంతకు ముందు ఊళ్లోవాళ్లు ఆవిణ్ణి ఏమని పిలిచేవాళ్లో నేను ఇక్కడ రాయను. మా నాన్నకు ఓనమాలు వచ్చింది ఆ గుడి బడిలోనే. నేను ఎమ్మే చదివి కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నానంటే దాని మొదలు అక్కడ ఉంది. ఇది ముందే చెప్పటం ఎందుకంటే, ఇకముందు నేను చెప్పబోయేదానికి ఇది తీసివేత కాకూడదు.

నేను చదివింది పట్నంలో ఒక కతోలిక హాస్టలు బడిలో. శనివారం సాయంత్రం పాపసంకీర్తనం. దానికి ముందు ఆత్మపరిశోధన చేసుకోవాలి. అందుకోసం మా చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. అందులో ప్రశ్నలుండేవి. పెద్దల మాట జవదాటావా? అబద్ధమాడావా? ఆదివారం పూజ మానావా? చెడ్డ తలంపులు తలచావా? తొమ్మిదేళ్ల పిల్లవాడికి వారానికి సరిపడా పాపాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కనక నేను కల్పించేవాణ్ణి. ఎక్కువగా జామకాయల దొంగతనం చెప్పేవాణ్ణి. బడిలో ఉన్నది ఒకటే జామచెట్టు, నేను చెప్పుకున్న లెక్కన అది ఎప్పుడో మోడైపోయి ఉండాలి.

ఒకసారి వంటశాలలో రొట్టెలు పోయాయి. వార్డెను నాకంటే రెండేళ్లు చిన్నవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని కొట్టి, ఎండలో కంకర మీద మోకాళ్లు వేయించాడు. రొట్టెలు పోయిన వేళ వాడు నాతోపాటు బావి దగ్గర ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. వాడు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ శనివారం పాపసంకీర్తనంలో ఎప్పటిలాగే జామకాయలు చెప్పాను. మూడు మంగళవార్త జపాలు చెయ్యమన్నారు, చేశాను. బావి దగ్గరి సంగతి చెప్పలేదు. దాచాలనుకుని కాదు. పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. ‘అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నావా?’ అని ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పాపాల పట్టికలో లేని తప్పు నన్నెందుకు బాధించింది? దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి చూసి, గురువూ లేవీయుడూ పక్కకు తప్పుకుని పోతే, పరాయి జాతి సమరయుడు ఆగి ఆదుకున్న కథ కూడా నాకు ఆ బడిలోనే చెప్పారు. అనగా ఒకే బడి నాకు రెండు విద్యలు నేర్పింది. లోపలికి మాత్రమే చూసుకుని పైవాడికి లొంగి ఉండటం ఒకటి. పక్కవాడి దెబ్బ నా ఒంటి మీద పడినట్టు ఉలిక్కిపడటం రెండోది. మొదటిదాన్ని రోజూ బోధించారు, రెండోదాన్ని కథగా చెప్పి వదిలేశారు.

3

జాయిస్ 1882లో డబ్లిన్‌లో పుట్టాడు. ఆరేళ్లు దాటగానే, 1888లో, జెస్యూట్లు నడిపే క్లాంగోస్ వుడ్ కాలేజీలో వేశారు. అది కలిగినవాళ్ల పిల్లల బడి. తండ్రి ఆస్తి కరిగిపోవటంతో 1891లో మాన్పించారు. తరవాత, 1893 నుంచి, డబ్లిన్‌లోనే బెల్వెడీర్ అనే మరో జెస్యూట్ బడిలో ఫీజు లేకుండా చదివాడు. ఈ బాల్యమే 1916లో పుస్తకంగా వచ్చిన ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ నవలకు వస్తువు.

అందులో ఒక ఘట్టం ఉంది. కథానాయకుడు స్టీఫెన్ కళ్లజోడు పగులుతుంది. కొత్తది వచ్చేదాకా రాతపని వద్దని ఉపాధ్యాయుడే చెబుతాడు. తనిఖీకి వచ్చిన ఫాదర్ డోలన్ ఇదంతా సోమరివాడి ఎత్తు అని తోలుబెత్తంతో రెండు చేతుల మీదా కొడతాడు. పిల్లవాడు ఏడుస్తాడు, కాని ఊరుకోడు. పొడుగాటి వసారా వెంట ఒక్కడే నడిచి రెక్టరు గది తలుపు తట్టి, తనకు అన్యాయం జరిగిందని చెప్పుకుంటాడు. రెక్టరు నేను మాట్లాడతానంటాడు. బయట పిల్లలు వాణ్ణి ఎత్తుకుని కేకలు వేస్తారు.

చాలామంది విమర్శకులు ఈ ఘట్టాన్ని ఇక్కడితో ముగించి, వ్యక్తి ధైర్యానికి ఉదాహరణగా చూపుతారు. కాని రచయిత ఇక్కడితో ముగించలేదు. తరవాతి అధ్యాయంలో తండ్రి ఇంటికొచ్చి చెబుతాడు: రెక్టరూ, ఫాదర్ డోలనూ ఆ సంగతి తలుచుకుని భోజనాల దగ్గర కడుపుబ్బ నవ్వుకున్నారట! పిల్లవాడు ప్రాణాలరచేత పెట్టుకుని అడిగిన న్యాయం పెద్దవాళ్లకు హాస్యమైంది. అధికారం ఒంటరి అర్జీని ఎప్పుడూ ఇలాగే జీర్ణించుకుంటుంది. జాయిస్ దీనికి వ్యాఖ్యానం ఏదీ చెయ్యకుండా ఊరుకున్నాడు. అవసరం లేదు కూడా.

ఆ సంస్థకు దేశంలో ఎంత బలముండేదో పార్నెల్ చరిత్ర చెబుతుంది. 1879లో భూమి కోసం పుట్టిన లాండ్ లీగుకు అధ్యక్షుడై, ఐర్లండు రైతులకూ స్వపరిపాలన ఉద్యమానికీ నాయకుడైన పార్నెల్, 1890లో ఒక విడాకుల కేసులో పేరు బయటికి రాగానే పడిపోయాడు. బిషప్పులు అతనికి ఎదురు తిరిగారు. పార్టీ చీలింది. 1891 అక్టోబరులో మరణించాడు. నవలలో క్రిస్మసు భోజనాల దగ్గర జరిగే పోట్లాట దీని మీదనే. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒక జాతి నాయకత్వాన్ని గురుపీఠం ఎలా కూలదోసిందో భోజనాల బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు.

మరి బెల్వెడీర్‌లో? అక్కడ వడకం జరిగే రోజుల్లో నరకం మీద ప్రసంగాలు. వాటిని విని స్టీఫెన్ వణికిపోయి, పాపసంకీర్తనానికి పరుగెత్తుతాడు. కొన్నాళ్లు భక్తిలో మునుగుతాడు. కాని భయం పెట్టిన భక్తి భయం తగ్గగానే ఆవిరైపోతుంది. గురువుగా చేరమని అడిగినప్పుడు, ఆ పదవికి ఉన్న అధికారం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, కాదంటాడు.

ఇంతకూ ఆ బడి జాయిస్‌ను వదిలిందా? వదలలేదు. స్నేహితుడొకడు తనను కతోలికుడని రాస్తే, జెస్యూట్ అనటం సరైన మాట అని జాయిస్ సవరించాడు. విషయాన్ని క్రమంలో పెట్టి, తూచి, తీర్పు చెప్పే పద్ధతి తనకు వాళ్లే నేర్పారని ఒప్పుకున్నాడు. వాళ్లిచ్చిన కత్తితోనే వాళ్లు కట్టిన తాడు కోశాడు. ఇది కృతఘ్నత అనేవాళ్లున్నారు. నేననను. చదువు చెప్పినవాడికి శిష్యుడు పడ్డ రుణం ఆ చదువును నిజానికి వినియోగించటంతో తీరుతుంది. గురువు తప్పును కప్పిపెట్టటంతో తీరదు.

4

ఇక అసలు చిక్కుకు వస్తాను. 1903 ఏప్రిల్‌లో పారిస్‌లో ఉన్న జాయిస్‌కు తల్లి చావుబతుకుల్లో ఉందని తంతి వచ్చింది. ఇంటికొచ్చాడు. పాపసంకీర్తనం చేసి సత్ప్రసాదం తీసుకోమని తల్లి బతిమాలింది. తీసుకోలేదు. ఆగస్టు 13న ఆమె పోయింది. చివరి ఘడియల్లో ఇంటిల్లిపాదీ మోకరించి ప్రార్థిస్తుంటే, మోకరించమని మేనమామ గద్దించినా అతనూ, తమ్ముడు స్టానిస్లాసూ మోకరించలేదు. అప్పటికి తల్లికి స్పృహ లేదు.

1922లో వచ్చిన ‘యులిసిస్’లో ఈ సంఘటన మారిపోయింది. అక్కడ మోకరించమని అడిగింది తల్లే. కొడుకు కాదన్నాడు. ఆ నేరం స్టీఫెన్‌ను 1904 జూన్ 16వ తేదీ పొడుగునా వెంటాడుతుంది, రాత్రికి తల్లి ప్రేతమై వచ్చి పశ్చాత్తాపపడమంటుంది. గమనించండి. నిజజీవితంలో మేనమామ ఆజ్ఞను ధిక్కరించినవాడు, నవలలో తల్లి కోరికను తోసేసినవాడయ్యాడు. తన నేరాన్ని తగ్గించి రాసుకునే రచయితలు కోకొల్లలు. ఇతను పెంచి రాసుకున్నాడు. తేలికైన ధిక్కారాన్ని తీసేసి, బరువైనదాన్ని పెట్టాడు. అన్నీ తెలిసి, అంత బరువు మోసి, అయినా మోకరించకపోవటం సరైనదేనా? ఆ ప్రశ్నను మన ముందు పెట్టి వెళ్లాడు.

తల్లి చావు గురించి జాయిస్ 1904 ఆగస్టులో నోరాకు రాసిన ఉత్తరంలో, భర్త పెట్టిన బాధలూ, ఏళ్లతరబడి కష్టాలూ, తన సొంత మొరటు సూటిదనమూ కలిసి ఆమెను చంపాయని చెప్పుకున్నాడు. శవపేటికలో ఆ ముఖం చూసినప్పుడు ఆమెను బలిచేసిన వ్యవస్థను శపించానన్నాడు. తన వంతు నేరాన్ని ఒప్పుకుంటూనే నేరమంతా తనదే అనుకోలేదు. నేను చదివిన ఆత్మపరిశోధన పుస్తకానికి తెలియని పరిశోధన ఇది.

నా సంగతి. 2019లో మా అమ్మ మంచాన పడి ఇక లేవదని తెలిసిపోయింది. నేను నమ్మకం వదిలి అప్పటికి పదేళ్లు దాటింది, ఆ సంగతి అమ్మకు తెలుసు. ఒకనాడు, ‘అయ్యా, స్వాములవారిని పిలుచుకురా’ అంది. వెళ్లి పిలుచుకొచ్చాను. అవస్థ అభ్యంగనం ఇచ్చారు. వాడకట్టులో ఆడవాళ్లంతా మోకరించారు. నేనూ మోకరించాను. అక్క పరాయిదేశం నుంచి ఫోనులో, ‘తమ్ముడూ, అమ్మ పక్కన మోకాళ్లూనావా?’ అనడిగింది. ఊనానన్నాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

నేను చేసింది అబద్ధమా? స్టీఫెన్ భయం ఏమిటంటే, నమ్మని చిహ్నానికి మొక్కితే దాని వెనకనున్న శతాబ్దాల అధికారానికి మొక్కినట్టవుతుందని. ఐర్లండులో ఆ భయం సకారణం. అక్కడ ఆ చిహ్నం వెనక బడులూ, బిషప్పులూ, రాజకీయ పక్షాల తలరాతలూ ఉన్నాయి. మా వాడకట్టులో ఆ సాయంత్రం ఆ మంచం చుట్టూ ఉన్నదెవరు? పొగాకు బేరన్లలో పనిచేసేవాళ్లూ, మిరపకోతలకు పోయేవాళ్లూ. మోకాళ్ల మీద ఉండటం తప్ప దుఃఖం చెప్పుకునే మరో భాష వాళ్లకు నేర్పినవాళ్లు లేరు. ఆ భాషలో నేను వాళ్లతో దుఃఖపడ్డాను. అమ్మను నేను మోసగించలేదు, నా నమ్మకం సంగతి ఆమెకు తెలుసు కనక. అబద్ధమంటే ఎవరినో మోసగించాలి. అక్కడ మోసపోయినవాళ్లు లేరు. ఇంతవరకు నా మనసు స్థిమితంగానే ఉంది.

స్థిమితం లేనిది మర్నాటి సంగతి. మా ఊరి కతోలిక శ్మశానం మధ్య ఒక గోడ ఉంది. నడుమెత్తు గోడ. అటువైపు వాళ్ల సమాధులు, ఇటువైపు మావి. ఒకే స్వాములవారు ఒకే జపం రెండువైపులా చదువుతారు. అమ్మను ఇటువైపు దించారు. నేను చదువుకున్నవాణ్ణి, సంఘాల్లో మాట్లాడేవాణ్ణి. గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఒక్క మాటా అనలేదు. చావింట గొడవెందుకని సమాధానం చెప్పుకున్నాను. ఆ రాత్రి బావి దగ్గరి పిల్లవాడు గుర్తుకొచ్చాడు.

ఎక్కడ మోకరించావు అన్నదాని కంటె, ఎక్కడ నోరు మూసుకున్నావు అన్నది పెద్ద ప్రశ్న అని అప్పుడు నాకు అర్థమైంది. మనం తరచు ఈ రెంటినీ తారుమారు చేస్తాం. తల్లి మంచం పక్కన మోకరించినవాణ్ణి పిరికివాడంటాం. గోడ దగ్గర మౌనంగా నిలబడ్డవాణ్ణి సంస్కారి అంటాం. తల్లి పక్కన మోకరించనివాడు తన స్వేచ్ఛ కోసం నిలబడి ఉండవచ్చు. ఆ స్వేచ్ఛ మంచిదే. అది ఇంకెవరి గోడనైనా కూలుస్తుందా అన్నది అసలు పరీక్ష.

5

జాయిస్ ఆ పరీక్షలో నెగ్గాడా? అతను 1904 అక్టోబరులో నోరాతో కలిసి దేశం విడిచాడు. పెళ్లితంతు లేదు. 1931లో లండనులో రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకునేసరికి వాళ్ల పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. పోలా, ట్రియెస్ట్, కొన్నాళ్లు రోములో బాంకు గుమాస్తాగిరీ, యుద్ధకాలంలో జ్యూరిక్, 1920 నుంచి పారిస్. ఇంగ్లీషు పాఠాలు చెప్పి, అప్పులు చేసి, ట్రియెస్ట్‌లో తమ్ముడి జీతం మీద ఆధారపడి బతికాడు. 1912 తరవాత ఐర్లండులో మళ్లీ అడుగు పెట్టలేదు. 1941 జనవరి 13న జ్యూరిక్‌లో మరణించాడు. మతకర్మ జరిపిస్తామని గురువొకరు ముందుకొస్తే నోరా ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ అతను రాసింది మాత్రం డబ్లిన్ గురించే.

1934లో సోవియట్ రచయితల మహాసభలో కార్ల్ రాడెక్ ఈ రచయితను తూర్పారబట్టాడు. చరిత్ర కదలికను చూడకుండా, మనిషి లోపలి చిల్లర మల్లర వివరాలనే భూతద్దంలో చూపాడన్నది అభియోగం. మనవాళ్లు కూడా చాలాకాలం అదే మాట అన్నారు. అందులో నిజం కొంత ఉంది. ఒక్కడు బయటపడే దారి అందరికీ దారి కాదు. వెళ్లిపోగలగటం కూడా ఒక వసతి. మా నాయనమ్మ ఏ ట్రియెస్ట్‌కు పోగలదు?

కాని అభియోగం పూర్తిగా నిలవదు. దూరం పోయినవాడు చూసినంత స్పష్టంగా ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఉన్నవాళ్లు చెప్పలేకపోయారు. బెత్తం దెబ్బను సాహిత్యంలో సాక్ష్యంగా నమోదు చేసిన 1916కూ, ఐర్లండు బడుల్లో కొట్టటం నిషేధించిన 1982కూ మధ్య అరవై ఆరేళ్లున్నాయి. మతసంస్థల ఆధ్వర్యంలోని ఆశ్రమాల్లో పిల్లలకు జరిగిన హింస మీద విచారణ సంఘం నివేదిక 2009లో గాని రాలేదు. నవల ఆ పని చెయ్యలేదు. అక్కడ బతికి, దెబ్బలు తిని, పెద్దయ్యాక నోరు విప్పిన సామాన్యులు చేశారు. 2018లో గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తొలగించటానికి ఓటు జరిగినప్పుడు, విదేశాల్లో ఉన్న ఐరిష్ యువతీయువకులు ఎందరో ఓడలెక్కీ విమానాలెక్కీ ఇంటికొచ్చి ఓటు వేశారు. కనక వెళ్లినవాడు ద్రోహీ, ఉన్నవాడు త్యాగీ అనే లెక్క కుదరదు. ఎక్కడున్నా సాక్ష్యం చెబుతున్నాడా లేదా అనేదే లెక్క.

విచిత్రమేమిటంటే మా అక్క ఇప్పుడు ఉంటున్నది ఆ ఐర్లండులోనే. ఆస్పత్రిలో నర్సు. జాయిస్ స్వేచ్ఛ కోసం వదిలిన దేశానికి మా అక్క జీతం కోసం వెళ్లింది. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో అత్యధిక భాగం నేటికీ కతోలిక సంఘం పోషణలోనే ఉన్నాయి. దాని పిల్లలు అలాంటి బడికే పోతారు. అమ్మ చావుకు రాలేకపోయిన బాధ దానికి ఉంది. సెలవు దొరకలేదు. ప్రవాసమంటే అందరికీ కళాకారుడి గర్వం కాదు. కొందరికి అది డ్యూటీ పట్టిక.

6

రాడెక్ మాట ఎత్తాను కనక ఒక్క సంగతి దాటవేస్తే తప్పవుతుంది. జాయిస్‌ను విమర్శించిన మూడేళ్లలోపే, 1937 జనవరిలో, మాస్కో విచారణలో అతను నిలబడి, లేని నేరాలు ఒప్పుకున్నాడు. అది చదివినప్పుడల్లా నాకు జామకాయలు గుర్తుకొస్తాయి. పట్టిక ముందే తయారుగా ఉంటుంది, మనిషి దాన్ని నింపాలి. ఇది మతానికి మాత్రమే పట్టిన జబ్బు కాదని మనం ఒప్పుకోవాలి. ఏ సంస్థ అయినా, అది మనదైనా సరే, విధేయతను మొదటి ధర్మంగా పెట్టి, చూస్తూ ఊరుకోవటాన్ని పాపాల పట్టికలో చేర్చకపోతే, దానికీ ఒక గురుపీఠం తయారవుతుంది.

కాబట్టి ఆ బడి ఇచ్చిన అంతరాత్మను నేను పారెయ్యను, తిరిగి వాళ్లకు అప్పజెప్పను. శనివారం ఆత్మపరిశోధన మంచి అలవాటే. ప్రశ్నలు మారాలి. ఎవరి మాట జవదాటావు అని కాక, ఎవరి దెబ్బ చూసి తల దించుకున్నావు అని అడుక్కోవాలి. ఆ ప్రశ్నకు కారణమైన కథ చెప్పినందుకు ఆ బడికి రుణపడి ఉంటాను. ఆ ప్రశ్నను పుస్తకంలో వెయ్యనందుకు దాన్ని విమర్శిస్తాను. ఈ రెండూ ఒకే మనిషి చెయ్యవచ్చు.

కిందటి నవంబరు రెండున, సమాధుల పండుగనాడు, అందరూ పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని శ్మశానానికి వచ్చినప్పుడు, మా పల్లె కుర్రాళ్లు గోడ తీసెయ్యాలని ఒక అర్జీ రాసి తెచ్చారు. వాళ్లలో గుడికి రోజూ పోయేవాళ్లున్నారు, ఎన్నడూ పోనివాళ్లున్నారు. అందరం సంతకాలు చేశాం. అటువైపు వాళ్లలో కూడా ఇద్దరు చేశారు. అక్క తన పేరు రాయమని ఫోను చేసి చెప్పింది. మేత్రాణులవారి ఇంటికి అర్జీ పట్టుకుని నలుగురు పోతే చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒంటరి అర్జీ భోజనాల దగ్గర హాస్యమైన సంగతి వాళ్లకు చెప్పాను. అరవైమందిమి పోయాం.

జవాబు ఇంకా రాలేదు. గోడ ఇంకా ఉంది. మళ్లీ పోతాం.